మిద్దెమీది సూర్యుడు, వీధిలోని తీగ

రోళ్ళు సయితము పగులునని పెద్దలు చెప్పు రోహిణీకార్తె మధ్యాహ్నములలో, మిద్దెమీద ఆరు సౌరఫలకములు ఎండను త్రాగుచు నిలిచియున్న ఒక గృహమున హఠాత్తుగా కరెంటు పోయి, పొరుగిండ్లతో పాటు ఆ యింటి ఫ్యాను కూడ ఆగిపోవును. లక్షకు పైబడిన ధనము వెచ్చించి, దరఖాస్తులు నడిపి, స్వంత విద్యుత్తును సంపాదించుకొంటినని తలచిన గృహస్థునకు ఈ సంఘటన కలిగించు విస్మయము ఇంతింతనరానిది. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు; ఫలకములు చెక్కుచెదరక ఉన్నవి; తీగ తెగలేదు; మరి కరెంటు ఎందులకు రాదు? ఈ ప్రశ్న తరచుగా వాటిని అమర్చిన వ్యాపారిమీద నిందగా మారుచుండును గాని, నిజమునకు అందు అతని దోషమేమియు లేదు. గ్రిడ్డుతో కూడిన గృహసౌరవ్యవస్థ యొక్క స్వభావమే అట్టిది. అది స్వతంత్ర విద్యుత్కేంద్రము కాదు. ఊరుమ్మడి విద్యుత్తులో ఒక భాగస్వామి మాత్రమే. ఈ సంగతి మనస్సున నాటుకొననంతవరకు దాని లాభములు గాని, పరిమితులు గాని, బిల్లులోని అంకెలు గాని మనకు సరిగా అర్థము కానేరవు.

వెలుగు విద్యుత్తును పుట్టించునను సంగతి క్రొత్తది కాదు. 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్, ద్రావణములో ముంచిన లోహపు పలకలపై కాంతి సోకినపుడు స్వల్పమైన విద్యుత్ప్రవాహము ఏర్పడుటను గమనించెను. కాంతిశక్తి తునుకలు తునుకలుగా, ఒక్కొక్క తునుక తన పౌనఃపున్యమునకు తగినంత శక్తిని మోసికొని, పదార్థమును చేరుచున్నదని 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన పిదప గాని ఇట్టి వింతల వెనుకనున్న కారణము విశదము కాలేదు. ఆ మీదట అర్ధశతాబ్ది గడచి, 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు కలిసి సిలికాన్‌తో నిర్మించిన సౌరఘటమును లోకమునకు చూపిరి. తనపై పడిన ఎండలో నూటికి ఆరుపాళ్ళ శక్తిని మాత్రమే అది విద్యుత్తుగా మార్చగలిగినను, ఏ యంత్రమును తిరుగక, ఏ ఇంధనమును కాలక, నిశ్చలముగా నున్న రాతిపలక వంటి వస్తువునుండి విద్యుత్తు వెలువడుట మానవచరిత్రలో ఒక మహత్తర ఘట్టమని నా దృఢవిశ్వాసము. నాలుగేండ్లకు, 1958లో, వాన్‌గార్డ్-1 అను అమెరికా ఉపగ్రహము అట్టి ఘటములను ధరించియే అంతరిక్షమునకు ఎగిసెను.

సిలికాన్ అర్ధవాహకము, అనగా లోహములవలె విద్యుత్తును ధారాళముగా ప్రవహింపనీయదు, గాజువలె బొత్తిగా అడ్డగింపదు. దాని పరమాణువులలోని బాహ్య ఎలక్ట్రానులు పొరుగు పరమాణువులతో బంధములలో చిక్కుకొనియుండును. 1.12 ఎలక్ట్రాన్‌వోల్టులకు తక్కువ కాని శక్తి గల కాంతికణము వచ్చి తాకినచో ఎలక్ట్రాన్ ఆ బంధమునుండి విడివడి, తానున్న తావున ఒక రంధ్రమును విడిచి, స్వేచ్ఛగా సంచరించును. కాని విడివడుట మాత్రమే చాలదు. దానిని ఒక దిక్కునకు నడిపింపనిచో తిరిగి ఏదో ఒక రంధ్రములో పడి, పొందిన శక్తినంతయు వేడిమిగా పోగొట్టుకొనును. అందులకై ఘటమునందు ఒక పొరలో లేశమాత్రముగా బోరాన్‌ను, మరియొక పొరలో లేశమాత్రముగా ఫాస్ఫరస్‌ను కలుపుదురు. ఈ రెండు పొరలు కలియు సంధియందు శాశ్వతమైన విద్యుత్‌క్షేత్రము నెలకొని, విడివడిన ఎలక్ట్రానులను ఒకవైపునకును, రంధ్రములను వేరొకవైపునకును తరుముచుండును. రెండువైపుల లోహపు తీగలను అతికించి బయట దారి చూపినచో, ఆ దారివెంట ప్రవాహము సాగును. ఫలకము మీద మనకు కనబడు సన్నని వెండిగీతలు ఆ దారులే.

అయితే ఎండలోని శక్తియంతయు ఈ విధముగా మన చేతికి చిక్కదు. తగినంత శక్తి లేని పరారుణ కిరణములు సిలికాన్‌ను కదలింపలేక దాటిపోవును. నీలి, ఊదా కిరణములు అవసరమునకు మించిన శక్తిని తెచ్చినను, ఆ మిగులంతయు వేడిగా మారిపోవును. ఒక్క సంధి గల ఘటము ఎంత శ్రేష్ఠముగా తయారుచేసినను మూడవవంతుకు మించి ఎండను విద్యుత్తుగా మార్చలేదని 1961లో షాక్లీ, క్వైసర్ అను శాస్త్రజ్ఞులు గణించి చూపిరి. నేడు అంగడిలో దొరకు ఫలకములు నూటికి ఇరువది, ఇరువదిరెండు పాళ్ళ దక్షతను అందుకొన్నవి. ప్రకృతి విధించిన హద్దును తలచుకొన్నచో ఇది స్వల్పవిజయము కాదు.

ఇక మన మిద్దెలమీదికి వత్తము. ఇప్పుడు సామాన్యముగా అమర్చు 550 వాట్ల ఫలకము ఏడున్నర అడుగుల పొడవు, ఇంచుమించు నాలుగడుగుల వెడల్పు గలది. ఒక్కొక్క ఘటము ఇచ్చు వోల్టేజి అరవోల్టుకు కొంచెము పైన మాత్రమే అగుటచే, ఘటములను వరుసగా ఒకదాని కొకటి కలుపుదురు. ఒక ఫలకమున ఆ విధముగా నలుబది వోల్టులు పోగగును. ఆరు ఫలకములను మరల వరుసగా కూర్చినచో పనిచేయు వేళ 250 వోల్టుల ఏకముఖ ప్రవాహము సిద్ధమగును. దీనియెడ జాగరూకత మిక్కిలి అవసరము. మన ఇండ్లలోని ఏకాంతర ప్రవాహము సెకనుకు నూరుమార్లు సున్నను తాకుచుండుటచే, స్విచ్చి తెరచినపుడు పుట్టిన నిప్పురవ్వ తనంత తాను ఆరిపోవును. ఏకముఖ ప్రవాహమునకు అట్టి విరామము లేదు కనుక వదులైన కలయికయొద్ద పుట్టిన రవ్వ ఆరక మంటగా మారగలదు. పైగా ఎండ కాయుచున్నంతసేపు ఫలకమును ఆపివేయుటకు ఏ మీటయు లేదు. కావుననే ఈ తీగలకు, వాటి కలయికలకు, ఎర్తింగుకు, పిడుగునుండి కాపాడు సాధనములకు వెచ్చించు ధనమును పొదుపుచేయుట ప్రమాదమును కొనితెచ్చుకొనుటయే.

వరుసగా కూర్చుటలో నున్న మరియొక చిక్కును మన ఇండ్ల యజమానులు తరచుగా అనుభవముచే నేర్చుకొందురు. వరుసలోని అన్ని ఘటములగుండ ఒకే ప్రవాహము పోవలసియున్నది. కనుక నీటిట్యాంకు నీడ గాని, మెట్లగది గోడనీడ గాని, పెరటి కొబ్బరిమట్ట నీడ గాని నాలుగు ఘటములమీద పడినను వాటి దారి సన్నగిల్లి, ఎండలో నున్న ఘటముల ప్రవాహమును కూడ అడ్డగించును. అడ్డగించుటయే గాక ఆ శక్తిని తామే మ్రింగి కాలిపోవునంత వేడెక్కును. దీనిని నివారించుటకు ప్రతి ఫలకము వెనుక సామాన్యముగా మూడు డయోడులను అమర్చియుందురు. నీడపడిన మూడవభాగమును ప్రక్కకు నెట్టి, ప్రవాహము డయోడుగుండ సాగిపోవును. ఫలకము నిలుచును, కాని ఉత్పత్తిలో మూడవవంతు పోవును. కొనబోవువారు దక్షతాంకములను పోల్చి చూచుటకంటె, ఉదయము తొమ్మిదింటికి, మధ్యాహ్నము మూడింటికి, అందును ధనుర్మాసపు రోజులలో, తమ మిద్దెమీద నీడలు ఎక్కడ పడుచున్నవో నడిచి చూచుకొనుట మేలు.

మనది సూర్యునికి చేరువైన నేల. హైదరాబాదు పదునేడు డిగ్రీల ఉత్తర అక్షాంశమున, విజయవాడ అంతకు కొంచెము దిగువన ఉన్నవి. మే రెండవ వారము మొదలు జూలై చివరివరకు హైదరాబాదులో మధ్యాహ్నసూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమునకు ఒరగును. తక్కిన కాలమంతయు దక్షిణముననే ఉండును. అందుచే ఫలకములను దక్షిణాభిముఖముగా, అక్షాంశమునకు సమీపమైన స్వల్పపు వాలుతో నిలుపుదురు. ఎండ ఎంత తీక్ష్ణమైన అంత లాభమని తలచుట సహజమే గాని, అది సగము సత్యము మాత్రమే. ఫలకమునకు వెలుగు కావలయును, వేడి కాదు. దానిపై ముద్రించిన వాట్లు ఘటము 25 డిగ్రీల వద్ద ఉండగా కొలిచినవి; ఆ పైన ఒక్కొక్క డిగ్రీకి సామర్థ్యము నూటికి మూడోవంతు పాలు, అంతకు కొంచెము హెచ్చు తగ్గుచుండును. రామగుండములోనో రెంటచింతలలోనో మేనెల మధ్యాహ్నమున ఘటము 65 డిగ్రీలకు చేరినచో, నూటికి పదమూడు పదునాలుగు పాళ్ళు అక్కడనే హరించిపోయినట్లు. ఫలకమునకు స్లాబునకు నడుమ గాలి ఆడునట్లు ఎత్తుగా నిలుపవలెననుటకు ఇదియే కారణము. ధూళి మరియొక శత్రువు. దానిని కడుగుటకు కఠినమైన బోరునీటిని వాడినచో నీరు ఆరి సున్నపుపొర మిగులును. ఇన్నింటిని లెక్కించి చూడగా, మన ప్రాంతములలో ఒక కిలోవాటు ఫలకములు సంవత్సరమంతటి సగటున దినమునకు నాలుగు యూనిట్లు ఇచ్చునని చెప్పవచ్చును. మూడు కిలోవాట్లయినచో నెలకు మూడువందల ఏబది, మూడువందల అరువది యూనిట్లు.

ఫలకమునుండి దిగివచ్చిన ఏకముఖ ప్రవాహము ఇంటికి పనికిరాదు. దానిని ఏకాంతర ప్రవాహముగా మార్చు ఇన్వర్టరు గోడకు తగిలించిన చిన్న పెట్టె. కరెంటు పోయినపుడు బ్యాటరీతో దీపములు వెలిగించు ఇన్వర్టరు మన ఇండ్లలో చిరపరిచితమే గాని, ఇది దానికంటె భిన్నమైన జాతిది. దీని పనులు రెండు. మొదటిది ఫలకములనుండి ఎప్పటికప్పుడు అత్యధికమైన శక్తిని పిండుట. వోల్టేజిని మిక్కిలి పెంచినచో ప్రవాహము పడిపోవును, మిక్కిలి దించినచో వోల్టేజియే చాలదు. ఈ రెంటి లబ్ధము గరిష్ఠమగు బిందువు నడుమ నెక్కడనో ఉండి, మబ్బు కమ్మినను, గాలి చల్లబడినను మారుచుండును. ఇన్వర్టరు వోల్టేజిని ఒకింత అటు, ఒకింత ఇటు జరిపి చూచుచు, ఆ బిందువును దినమంతయు వెంబడించుచునే యుండును.

రెండవ పని ఇంతకంటె సూక్ష్మమైనది. వీధితీగలోని వోల్టేజి సెకనుకు ఏబది ఆవృత్తులు చేయుచు ఎగసి దిగుచున్నది. ఇన్వర్టరు తన అర్ధవాహకపు స్విచ్చులను సెకనుకు వేలసార్లు తెరచి మూయుచు, ఏకముఖ ప్రవాహమును సన్నని ముక్కలుగా తరిగి, ఆ ముక్కల వెడల్పులను హెచ్చించి తగ్గించి, వడపోసి, నున్నని తరంగముగా మలచును. కాని అట్టి తరంగమును మలచినంత మాత్రమున చాలదు. ఆడుచున్న కోలాటపు వలయములోనికి క్రొత్తగా అడుగిడువాడు ముందు తాళమును విని, అడుగును కలిపి, పిదప గాని కోలను తాకింపరాదు కదా! ఇన్వర్టరు సరిగా అటులే మొదట కొంతసేపు గ్రిడ్డు వోల్టేజిని ఆలకించి, దాని ఎగుడుదిగుళ్ళు ఏ క్షణమున శిఖరమునకు చేరుచున్నవో, ఏ క్షణమున సున్నను దాటుచున్నవో గ్రహించి, తన ప్రవాహమును దానితో ఏకదశలో నిలిపి, అటుపిమ్మట గాని తలుపు తెరువదు. అది స్వంతముగా వోల్టేజిని స్థాపింపదు. వీధి ఇచ్చిన వోల్టేజిమీద తన ప్రవాహమును అర్పించును. ఈ ఒక్క వాక్యమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

ఆ తాళము ఎచ్చటనుండి వచ్చుచున్నది? రామగుండములో నిమిషమునకు మూడువేల మారులు తిరుగు ఆవిరియంత్రములనుండి, శ్రీశైలములో మందగతిని తిరుగు జలయంత్రములనుండి, ఇట్టివే దేశమందలి వందలాది యంత్రములనుండి. ఒకప్పుడు దక్షిణదేశపు గ్రిడ్డు తక్కిన భారతదేశముతో తాళము కలుపక వేరుగా ఉండెడిది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు రాష్ట్రములు అంధకారమున మునిగినపుడు మనము ఆ యాపదనుండి తప్పించుకొనుటకు కారణము అదియే. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరుల నడుమ 765 కిలోవోల్టుల లైను పనిచేయనారంభించుటతో దేశమంతయు ఒకే తాళమునకు నడచుచున్నది. నాటినుండి కాశ్మీరములోని జలయంత్రమును, నెల్లూరులోని ఒక ఇంటిమీది ఇన్వర్టరును ఒకే లయకు బద్ధమైయున్నవి. మానవుడు నిర్మించిన యంత్రములలో ఇంత విశాలమైనది వేరొకటి కలదా అని తలచినపుడెల్ల నా హృదయము ఉప్పొంగును.

ఇంటిలో పుట్టిన విద్యుత్తు ఎటు పోవును? ముందు ఇంటిలోని ఫ్రిజ్జుకు, ఫ్యాన్లకు. వాటి అవసరము తీరి మిగిలినచో మీటరుదాటి వీధిలోనికి. దీనికై ఎవరును మీట నొక్కనక్కరలేదు. మిగిలిన ప్రవాహము చాలవరకు దూరదేశములకు పోక, అదే ట్రాన్స్‌ఫార్మరు క్రిందనున్న పొరుగింటి మిక్సీలోనో, వీధిచివరి పిండిమరలోనో వినియోగమగును. రెండువైపుల లెక్క వ్రాయు మీటరు, వచ్చినదానిని వేరుగా, పోయినదానిని వేరుగా నమోదు చేయును. ఒక నెలలో ఫలకములు 360 యూనిట్లు ఇచ్చినవనియు, పగటిపూట ఇంటిలో 140 వాడగా 220 వీధికి పోయినవనియు, రాత్రులందు 240 వీధినుండి వచ్చినవనియు అనుకొందము. ఇంటివారు వాడినది 380 యూనిట్లు. నెట్ మీటరింగు పద్ధతిలో వారు చెల్లింపవలసినది 20 యూనిట్లకు మాత్రమే. వాడిన కొలది ధర పెరుగు శ్లాబుల విధానము మనకు ఉన్నది గనుక, ఇట్లు తగ్గునవి అన్నింటికంటె ఖరీదైన పై శ్లాబుల యూనిట్లు. స్థిరచార్జీలు మాత్రము తప్పవు. మీటరులో 360 కనబడక 220 మాత్రమే కనబడుటచే ఉత్పత్తి తగ్గినదని కంగారుపడువారు కలరు; ఇంటిలోనే ఖర్చయిన 140 ఆ మీటరును చేరనే లేదు, అవి ఇన్వర్టరు తెరమీద గాని, ఉత్పత్తి మీటరులో గాని కనబడును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము, కోటి ఇండ్లను లక్ష్యముగా పెట్టుకొని, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీని ప్రకటించుటతో మధ్యతరగతి గృహములకు ఈ లెక్క అందుబాటులోనికి వచ్చినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. గాలివానకు ఎక్కడనో 11,000 వోల్టుల తీగ తెగినది. సబ్‌స్టేషనులో ఆ లైనును ఆపివేసిరి. లైన్‌మన్ స్తంభమెక్కి, ఆ తీగలో కరెంటు లేదను నమ్మకముతో చేయిచాచినాడు. ఆ సమయమున ఒక మిద్దెమీది ఫలకములు వీధిలోనికి విద్యుత్తును పంపుచునే యున్నచో ఏమగును? ట్రాన్స్‌ఫార్మరు ఏకపక్షమైన యంత్రము కాదు. పైనుండి 11,000 వోల్టులు వచ్చినపుడు ఇండ్లకు తగినట్లు దించు ఆ యంత్రమే, క్రిందినుండి 230 వోల్టులు వచ్చినపుడు వాటిని మరల వేల వోల్టులకు ఎక్కించును. మన ఇంటి కరెంటు, మనకు తెలియకయే, ఒక శ్రామికుని ప్రాణమును బలిగొనగలదు. కావుననే, మూలము తెగి ఒంటరిగా మిగిలిన భాగమునకు ఏ చిన్న ఉత్పత్తికేంద్రమును రెండు సెకన్లకు మించి విద్యుత్తు నీయరాదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చేసిన నిబంధనలు శాసించుచున్నవి. గ్రిడ్డు తిరిగివచ్చిన పిదపయు, వోల్టేజి, పౌనఃపున్యము కుదుటపడి కనీసము ఒక నిమిషము గడచిన గాని ఇన్వర్టరు మరల చేరరాదు.

గ్రిడ్డు పోయినదని ఇన్వర్టరు తెలిసికొను ఉపాయము మిక్కిలి చమత్కారమైనది. వోల్టేజి పూర్తిగా పడిపోయినచో గుర్తించుట సులభమే. కాని ఆ క్షణమున వీధిలోని ఇండ్ల వాడకము, ఫలకముల ఉత్పత్తి దైవవశమున సరిసమానముగా ఉన్నచో, వోల్టేజి నిలకడగానే కనబడి మోసగించును. అందుచే ఇన్వర్టరు తన ప్రవాహపు దశను ఎల్లవేళల ఒకింత ముందునకో వెనుకకో త్రోసి చూచుచుండును. దేశమంతటి యంత్రముల భారము వెనుకనున్నంతవరకు ఈ అల్పపు త్రోపిడికి పౌనఃపున్యము చలింపదు. ఆ భారము తెగిపోయినచో అదే త్రోపిడికి అది జారిపోవుచు క్షణములలో హద్దు దాటును. హద్దు దాటిన వెంటనే ఇన్వర్టరు తనను తాను విడదీసికొనును. చలించుచున్నదా లేదా అని నిరంతరము తట్టి చూచుటయే దీని రహస్యము.

ప్రాణరక్షణ ఒక్కటియే కారణమనుకొనరాదు. గ్రిడ్డు లేనిచో ఈ ఇన్వర్టరు ఇంటిని నడుపనే లేదు. బోరు మోటారు బయలుదేరునపుడు తన సాధారణ ప్రవాహమునకు అయిదారు రెట్లు ఒక్కసారిగా గుంజుకొనును. ఒక మబ్బుతునక అడ్డము వచ్చినచో ఉత్పత్తి కొన్ని క్షణములలో సగమునకు పడిపోవును. ఈ ఒడుదొడుకులను ఇన్నాళ్ళు మనకు తెలియనీయక భరించుచున్నది గ్రిడ్డే. గ్రిడ్డు పోయిన వేళల కూడ కరెంటు కావలయుననువారు బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరును పెట్టుకొనవచ్చును. అది ముందుగా వీధితో సంబంధమును త్రెంచుకొని, పిమ్మట తానే వోల్టేజిని స్థాపించి, ఎంపికచేసిన కొన్ని దీపములను, ఫ్యాన్లను నడుపును. కరెంటుకోతలు అరుదైన పట్టణములలో ఆ ఖర్చు దండుగయనియు, కోతలు తరచైన పల్లెలలో, ఇంటిలో రోగులున్నచోట, అది సార్థకమనియు నా అభిప్రాయము.

భాగస్వామ్యమునకు మరియొక ముఖము కలదు. ప్రవాహము ఇంటినుండి ట్రాన్స్‌ఫార్మరువైపు పోవలెనన్నచో ఇంటివద్ద వోల్టేజి అక్కడికంటె కొంచెము ఎక్కువగా ఉండితీరవలయును. ఒకే వీధిలో ఇరువది ఇండ్లమీద ఫలకములు వెలసి, మధ్యాహ్నము వాడకము తక్కువగా ఉన్నచో, సన్నని తీగ చివరనున్న ఇంటి వోల్టేజి 230 దాటి, 240 దాటి, నిబంధన అనుమతించు 253ను తాకును. అంతట ఆ యింటి ఇన్వర్టరు, మంచి ఎండవేళనే, మౌనముగా ఆగిపోవును. యంత్రము చెడినదని ఫిర్యాదు చేయుట వృథా. లావైన తీగలను మార్చుట, ట్రాన్స్‌ఫార్మరు ట్యాపును సవరించుట, ఇన్వర్టరుచేత వోల్టేజిని దించు తరహా ప్రవాహమును తీసికొనజేయుట దానికి చికిత్సలు. ఇవి విద్యుత్ సంస్థలు ఫలకముల వెనుక పరుగెత్తుచు కాక, ముందుగానే చేయదగిన పనులు.

సాయంకాలమునకు వచ్చుసరికి లెక్క తారుమారగును. ఆరు గంటలకు ఫలకములన్నియు ఒక్కమారుగా విరమించును; సరిగా అప్పుడే ఇండ్లలో దీపములు, వంటగదులు, ఏసీలు మేలుకొనును. ఈ లోటును బొగ్గుకేంద్రములు, జలకేంద్రములు త్వరితగతిని పూరింపవలెను. శ్రీశైలము ఎడమగట్టున భూగర్భములో 150 మెగావాట్ల యంత్రములు ఆరు కలవు. అవి నీటిని దించి విద్యుత్తు నిచ్చుటయే గాక, తిరుగదిప్పినచో విద్యుత్తును గైకొని దిగువనీటిని మరల జలాశయములోనికి ఎక్కింపగలవు. ఇట్టి యంత్రములను రూపొందించిన కాలమున, రాత్రి రెండు జాములు గడచిన పిదప మిగులు బొగ్గుకరెంటుతో నీటిని ఎక్కించుట ఆచారము. ఇప్పుడు మిగులు మధ్యాహ్నమున ఏర్పడుచున్నది. కనుక నీటిని ఎక్కించు వేళ నడిరేయినుండి నడిపగలికి మారుటయే న్యాయము. 2023లో కేంద్రప్రభుత్వము వినియోగదారుల హక్కుల నియమములను సవరించుచు, పగటి సౌరఘడియలలో కరెంటు ధర తక్కువగాను, రద్దీవేళలలో ఎక్కువగాను ఉండవలెనని నిర్దేశించినది కూడ ఈ మార్పును గుర్తించియే. యూనిట్‌కు యూనిట్ సరిపెట్టు నేటి నెట్ మీటరింగులో, బోరు మోటారును ఏ వేళ నడిపినను ఇంటివారి బిల్లు మారదు. అయినను పట్టపగలు నడిపినచో వీధిలోని వోల్టేజి అదుపులో ఉండును, పొరుగింటి ఇన్వర్టరు ఆగదు, సాయంకాలము ట్రాన్స్‌ఫార్మరుమీద భారము తగ్గును. వేళనుబట్టి ధర మారు విధానము ఇండ్లకు అమలైననాడు ఆ అలవాటు బిల్లులో కూడ కనబడును.